చెయ్యి చూసినామె

చిన్నకొడుక్కి పిల్లను చూడబోయేటప్పుడు ఎల్లమ్మ పూలూ పండ్లతోపాటు బీడీలు చుట్టేందుకు నానబెట్టిన తునికాకు కూడా మూటగట్టించింది. తడిగుడ్డలో చుట్టిన ఆకు, చిన్న డబ్బాలో తంబాకు, ఒక దారపుకండె. పిల్ల తరపువాళ్ళు పెట్టిన ఆకు మీద పిల్ల పనితనం చూడకూడదని ఆమె నమ్మకం. వాళ్ళయితే ఏరి ఏరి మెత్తని ఆకు పెడతారు. మెత్తని ఆకు మీద ఎవరి చెయ్యయినా ఆడుతుంది.

"అందాన్ని కొరుక్కుతింటమా? చెయ్యి సూడాలె, చెయ్యి," అంది గడప దాటుతూ.

మూట మోసింది పెద్దకోడలు చంద్రభాగ. వాళ్ళుండే వరుస ఇళ్ళ చాల్ మొత్తంలో ఆమె లాగా బీడీ చుట్టేవాళ్ళు లేరు. బీడీ కారఖానాలో సరుకు తనిఖీ చేసే చెకర్ ఆమె కట్టల్ని విప్పి కూడా చూడడు, పక్కన పెట్టేస్తాడు. అత్తగారింట్లో ఆమె మాటకు విలువున్నది ఆ ఒక్క సంగతిలోనే. కూరలో ఉప్పెంత వెయ్యాలో కూడా ఆమెను అడగరు గానీ, బీడీ సంగతయితే ఆమె చెప్పిందే వేదం. అందుకే మరిది రాజారాంకు పిల్లను చూడటానికి ఆమె వెంట లేకుండా ఎల్లమ్మ కదల్లేదు. పెళ్ళికొడుకు రాకపోయినా పనయ్యేదేమో, చంద్రభాగ రాకపోతే కాదు.

పిల్ల వాళ్ళ ఇల్లు జోడ్‌భావి పేటలో. ముందు గదిలో రెండు కరెంటు మగ్గాలు. చుట్టాలొచ్చారని పిల్ల తండ్రి కిష్టయ్య ఒకటి ఆపాడు. రెండోది ఆపలేదు, టవళ్ళ తాను మధ్యలో ఉంది. ఆ మోతలో ఎవరు ఏం మాట్లాడినా అరవాల్సిందే. క్షేమసమాచారాలు కూడా కొట్లాడుకుంటున్నట్టే అడిగారు.

పిల్ల పేరు మంగళ. తల్లి యమునాబాయిది కాబోలు, ముదురు నీలం చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఎల్లమ్మ మూట విప్పి, చాట పిల్ల ఒళ్ళో పెట్టింది. అందరి కళ్ళూ ఆ చాటలోకి దిగాయి. నూలు బస్తాకు ఆనుకుని కూర్చున్న రాజారాం కూడా అందరూ చూస్తున్నారు గనుక పిల్ల వేళ్ళే చూశాడు.

మంగళ ఆకు కత్తిరించింది. వంకర పోయింది. ఇంకోటి కత్తిరించింది, అదీ అంతే. తంబాకు వేస్తే సగం చాటలో రాలింది. చుట్టిన బీడీ నడుము దగ్గర ఉబ్బి, కొనలో సన్నగిల్లి, దారం పట్టనట్టు వేలాడింది.

"గిదేందమ్మా, కడుపుతో ఉన్నట్టున్నది!" అంది ఎల్లమ్మ.

యమునాబాయి చాయ్ పళ్ళెం కింద పెట్టేసింది. "భయపడుతున్నది వదినే. రోజు మంచిగనే జేస్తది. నీ తోడు, రోజు గిట్ల జెయ్యదు."

రెండో బీడీ ఇంకా అధ్వాన్నం. మూడోది చేతిలోనే విచ్చిపోయింది. ఎల్లమ్మ ఇక చూడలేదు. చెంగు దులుపుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయింది.

అప్పుడు చూసింది చంద్రభాగ. నాలుగో ఆకు తీసుకునేటప్పుడు మంగళ చూపు చాటలో లేదు, ఎల్లమ్మ ముఖం మీద ఉంది. వేళ్ళు మాత్రం ఈనె ఎటుందో తడిమి, ఆకును తమంతట తామే తిప్పుకున్నాయి. పని రానివాళ్ళకు కళ్ళు కావాలి. ఈ చేతికి కళ్ళతో పని లేదు. చంద్రభాగ ముందుకు వంగింది. పిల్ల బీడీ చుట్టింది, గోటితో మూతి మడిచింది, దారం బిగించింది. ఎక్కడా లోపం లేదు. ఆ తర్వాత, తీసి పక్కన పెట్టబోతూ, బొటనవేలితో దారాన్ని మెల్లగా సడలించింది.

చంద్రభాగకు నవ్వాగలేదు. "అత్తా, కూసో! కూసో! దొంగ పోరి ఇది! బిగించి మళ్ళ వదులు జేస్తున్నది! కావాల్నని జేస్తున్నది! దీని చెయ్యి బంగారం!" మగ్గం మోత మీద వినబడాలని గొంతెత్తి అరిచింది. పక్కింటి వాకిట్లో ఆకు కత్తిరిస్తున్న ఆడవాళ్ళు తలలెత్తి ఇటు చూశారు.

మంగళ తలెత్తి చంద్రభాగను ఒక్కసారి చూసింది. అంతే. కోపం లేదు ఆ చూపులో. తలుపు మూసేటప్పుడు బయటున్న మనిషిని చూసినట్టు చూసింది.

"ఇంకోటి జెయ్యి బిడ్డా. సక్కగ జెయ్యి," అంది చంద్రభాగ, ఆకు అందిస్తూ, ఇంకా నవ్వుతూనే.

ఈసారి మంగళ సక్కగానే చేసింది. ఎల్లమ్మ సగం లేచినది మళ్ళీ కూర్చుంది. ఆ బీడీని రెండు వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది. చాలాసేపే తిప్పింది. వాకిట్లో జనం పోగయి ఉన్నారు. చివరకు నచ్చినట్టు తలూపి, "పసంత్," అంది. యమునాబాయి కళ్ళొత్తుకుంది. అప్పుడు కిష్టయ్య రెండో మగ్గం కూడా ఆపాడు.

*

మర్నాడు కారఖానాలో చంద్రభాగ కట్టలు అప్పజెప్పే వరుసలో కూర్చుంది. వెళ్ళగానే ఆడవాళ్ళు చుట్టూ మూగారు.

"దొంగను పట్టినవంట గదా చంద్రక్కా!"

"పోలీసుల్ల జేరు నువ్వు. బీడీలెందుకు నీకు?"

చంద్రభాగ ముసిముసిగా నవ్వింది. పొగడ్త ఎవరికి చేదు? జరిగిందంతా మళ్ళీ చెప్పింది, దారం సడలించడం వేళ్ళతో చేసి చూపించింది కూడా. చూపిస్తూ ఉండగా ఎదురుగా మంగళ వచ్చి నిలబడింది. చంకలో తన చాట ఉంది. చెంప మీద కమిలిన గుర్తుంది.

మిగతా ఆడవాళ్ళకు అకస్మాత్తుగా ఎవరి కట్టలు వాళ్ళకు గుర్తొచ్చాయి. మంగళ చంద్రభాగ పక్కన చోటు చూసుకుని కూర్చుంది.

"అక్కా, నీకేమన్న అన్యాలం జేసిన్నా నేను?"

"గదేంది పోరీ, గట్లంటవ్?"

"మరి ఎందుకు జెప్పినవ్?"

చంద్రభాగ గొంతు తగ్గించి, "ఎవడన్న ఉన్నడానే?" అని అడిగింది.

"అందరు గదే అడుగుతున్నరు. మా అమ్మగూడ గదే అడిగింది, కొట్టి మరీ అడిగింది. ఎవ్వడు లేడు. నాకు జేసుకోబుద్ధైతలేదు. గంతే. గంతే అంటే ఎవ్వలు నమ్మరేందక్కా? ఎవడన్న ఉంటెనే వద్దనాల్నా?"

"మా రాజారాం మంచోడే. తాగడు, తిరగడు."

"మంచోడే గావచ్చు. నా మొకం ఒక్కపారన్న జూసిండా? యేళ్ళే జూసిండు. మీ ఇంట్లకు నా యేళ్ళు గావాలె. యేళ్ళను తెంపి పంపనీకి రాదు గదా, అందుకని నన్నుగూడ తోలుకపోతరు."

తన మాటకు తనే చిన్నగా నవ్వి, మళ్ళీ మానుకుంది. "నువ్వు జెప్పినందుకు గాదక్కా. జెప్పుకుంట నవ్వినవ్ సూడు, గదే యాదికొస్తున్నది."

కిటికీ వెనకనుంచి చెకర్ పిలిచాడు. చంద్రభాగ లేచి కట్టలు లోపలికి తోసింది. అతను ఎప్పటిలాగే విప్పకుండా పక్కన పెట్టి, మరాఠీలో వెనకవాళ్ళతో, "చూసి నేర్చుకోండి," అన్నాడు. రోజూ ఆ మాట వింటే ఆమెకు నడక మారిపోయేది. ఇవ్వాళ మాత్రం తలెత్తలేకపోయింది. సిగ్గు పాదాల నుంచి చెవుల దాకా ఎగబాకింది. వెనక వరుసలో మంగళ కళ్ళు తన వీపు మీదే ఉన్నాయనిపించి, చెంగు కప్పుకుంది. తిరిగి చూస్తే మంగళ ఇటు చూడటం లేదు, తన ఆకు సర్దుకుంటోంది. అయినా సిగ్గు తగ్గలేదు.

*

మధ్యాహ్నం చాట ముందేసుకుని కూర్చుంటే పని సాగలేదు. అంటే వేళ్ళు సాగుతూనే ఉన్నాయి, వాటికేం? మనసే ఎటో పోతోంది.

భర్త యాదగిరి మగ్గం పనినుంచి అన్నానికొచ్చాడు. తిని లేస్తూ, ఆమె చాటలోంచి అప్పుడే చుట్టిన బీడీ ఒకటి తీసి ముట్టించుకుని పోయాడు. అడగలేదు. పెళ్ళయిన మర్నాటినుంచీ అడగలేదు. ఆమె కూడా ఇన్నేళ్ళలో దాన్ని గమనించలేదు. ఇవ్వాళ ఎందుకో చాటలో ఆ బీడీ ఉన్న చోటు ఖాళీగా కనబడింది.

తన పెళ్ళిచూపులప్పుడూ, హోట్గి రోడ్డులో తల్లిగారింట్లో, ఇదే అత్త, ఇదే తడిగుడ్డ మూట. చేసుకోవాలని తనకూ లేదు. ఎవడూ లేడు, ఏదో చదవాలనీ లేదు, ఉత్తగానే లేదు. చాట ఒళ్ళోకొచ్చినప్పుడు, చెడగొడితే పోతారు అనే ఆలోచన తనకూ వచ్చింది. వచ్చింది నిజం. కానీ పదిమంది ముందు చేతకానిదనిపించుకోవడానికి సిగ్గయింది. ఆకు వేళ్ళకు తగలగానే ఒకదాని తర్వాత ఒకటి ముత్యాల్లాంటి బీడీలు పడ్డాయి. అందరూ ఆహా అన్నారు. ఆ ఆహాలోనే ఆమె బతుకు తెల్లారింది.

అయితే నిన్న ఎందుకు నవ్వినట్టు? చంద్రభాగ ఆకు పక్కన పెట్టి, నిజం ఒప్పుకుంది. అసూయ. తాను చెయ్యలేని పనిని ఆ పోరి తన కళ్ళముందే చేస్తుంటే ఓర్వలేకపోయింది. నేను పడ్డ గుంటలో నువ్వు పడకుండా ఎట్లా పోతావు అనుకుంది. ఎవరూ చూడకపోయినా ముఖం దాచుకోవాలనిపించింది.

సాయంత్రం అత్త దగ్గరికి పోయి కూర్చుంది. ఎల్లమ్మ గోడకు ఆనుకుని నూలు చిక్కు తీస్తోంది.

"అత్తా, ఆ పోరికి ఇష్టం లేదు."

ఎల్లమ్మ చిక్కు మీదనుంచి చూపు తియ్యలేదు. "ఇప్పుడు దెల్సిందా నీకు?"

"మనమే వద్దందాం."

"గల్లీ గల్లీ ఇన్నది నువ్వు ఒర్లింది. కావాల్నని చెడగొట్టిందని ఊరంత తెల్సినంక మనం వద్దంటే, దాని పేరేమైతది? ఎవనితోనో ఉన్నదంటరు. రేపు ఎవడు గడప దొక్కుతడు? పో, చాయ్ పెట్టు."

చంద్రభాగ చాయ్ పెట్టింది. రాజారాం వచ్చి పొయ్యి పక్కన పీట వేసుకున్నాడు. మంచి హుషారు మీదున్నాడు.

"వదినే, చెయ్యి మస్తుందంటివి గదా?"

"ఉన్నది. మొకమెట్లున్నది రాజూ?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నీలిచీర కట్టుకున్నది..." అన్నాడు. మళ్ళీ, "నీలిచీరే," అన్నాడు.

*

వక్క పగలగొట్టి పెళ్ళి ఖాయం చేసుకునే సుపారి రోజు కిష్టయ్య ఇంట్లో రెండు మగ్గాలూ ఆపారు. అలవాటైన మోత లేకపోయేసరికి ఎవరికీ మాట్లాడే గొంతు కుదరలేదు. అరవబోయి సర్దుకుంటున్నారు.

వాళ్ళలో ఒక పద్ధతుంది. సుపారి పగలగొట్టేముందు, పిల్ల చెయ్యి చూసినామె అందరిముందూ "చెయ్యి పసంత్" అనాలి. అని, కొత్త చాటలో తడి ఆకు పెట్టి పిల్ల ఒళ్ళో ఉంచాలి. ఆ మాట తర్వాత ఎవరూ వెనక్కి పోకూడదు. రెండు కుటుంబాలకూ ఆమె మాటే పూచీ.

మంగళ మళ్ళీ ఆ నీలం చీరలోనే కూర్చుంది. తలకు పూలు పెట్టారు. చెంప మీద గుర్తు కనబడకుండా పసుపు దట్టంగా రాశారు. రాజారాం ఈసారి ముఖమే చూస్తున్నాడు. చూసి, మళ్ళీ తల దించుకుంటున్నాడు.

కులపెద్ద పోచయ్య గొంతు సవరించుకున్నాడు. "చెయ్యి జూసినామె ఎవలమ్మా? ముందటికి రా. చెయ్యి పసంతా?"

చంద్రభాగ చాట పట్టుకుని లేచింది.

"చెయ్యి బంగారమే పెద్దయ్యా. మనిషికి ఇష్టం లేదు."

మామూలు గొంతుతోనే అంది. మగ్గాలు లేవు గనుక చివర కూర్చున్నవాళ్ళకూ వినబడింది.

"ఏం మాట మాట్లాడుతున్నవే! నా బిడ్డ మీద బట్టగాల్చి ఏస్తవా?" యమునాబాయి దూసుకొచ్చింది. మగవాళ్ళలో గుసగుసలు లేచాయి. ఎవరో, "అంటే ఎవడో ఉన్నట్టే గదా," అన్నాడు.

"ఎవడు లేడు!" చంద్రభాగ అటు తిరిగింది. "ఇష్టం లేదంటే ఎవడో ఉండాల్నా? ఉత్తగ ఇష్టం లేకుంట ఉండొద్దా ఆడిదానికి?"

పోచయ్యకు కోపం వచ్చింది. "గట్లయితే ఆనాడెందుకు పట్టిచ్చినవమ్మా? నవ్వుకుంట చెప్పినవంట గదా. ఆటలా నీకు?"

ఆమెకు ఇంకో జవాబు చెప్పే వీలుంది. పొరపాటయింది, నా కళ్ళు మోసపోయాయి అనవచ్చు. కానీ ఆ చేతిని ఆ వాకిట అందరూ చూశారు. పిల్ల మీద మచ్చ పడకుండా ఉండాలంటే అది ఇంకెవరి మీదనో పడాలి. చంద్రభాగ తడి ఆకు వైపు చూస్తూ చెప్పింది.

"కండ్లమంటతోటి నవ్విన. నన్ను చూడొచ్చిన్నాడు నాకుగూడ ఇష్టం లేకుండె. దీని లెక్క చెడగొట్టే ధైర్నం నాకు లేకపాయె. నాతోటి గాని పని ఇది జేస్తుంటే ఓర్వలే. దాని తప్పు లేదు, నాదే."

గోడవారన యాదగిరి నోటిదాకా తీసుకుపోయిన బీడీ అక్కడే ఆగింది. ఆమె అటు చూడలేదు. చూడకుండానే అతని చూపు, వచ్చిన చుట్టాలందరి చూపులూ ఒంటిమీద తెలిశాయి. బట్టలు లేకుండా నిలబడ్డట్టయింది. అయినా చాట కింద పెట్టలేదు.

రాజారాం లేచాడు. మంగళను సూటిగా అడిగాడు. "నీకు ఇష్టం లేదా?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న పిల్లను ఎవరూ అప్పటిదాకా అడగలేదు. మంగళ తల్లిని చూసింది, తండ్రిని చూసింది.

"లేదు."

"గట్లయితే నాకుగూడ వద్దు," అన్నాడు రాజారాం. "నేనే వద్దంటున్న పెద్దయ్యా. పిల్ల గాదు. గట్లనే చెప్పుండ్రి బయట."

అందరూ ఎల్లమ్మ వైపు తిరిగారు. ఇక పెద్ద గొడవే అనుకున్నారు. ఎల్లమ్మ చెంగు దులుపుకుంది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"పోదాం పా," అంది కోడలితో.

*

యాదగిరి అందరికంటే ముందు, వెనక్కి చూడకుండా పోయాడు. రాజారాం అన్న వెంట పరుగెత్తాడు. కొంతం చౌక్ దగ్గరికొచ్చేసరికి అత్తాకోడళ్ళే మిగిలారు. చంద్రభాగ చాట పొట్టకానించుకుని నడుస్తోంది. తడిగుడ్డ నీళ్ళు చీరలోకి ఇంకుతున్నాయి. ఇంటికి పోయాక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఒక దెబ్బో, నాలుగు రోజుల మౌనమో, తల్లిగారింటికి కబురో. దానికి భయం లేదు. అత్త మాట్లాడకపోవడమే కష్టంగా ఉంది.

"తిట్టరాదు అత్తా."

"ఏమని తిట్టాలె?" ఎల్లమ్మ ఆగింది. "ఆనాడు నేను లేశిన గదనే. ఎందుకు లేశిననుకున్నవ్?"

"బీడీలు బాగలేవని..."

"నా కండ్లు పొయినయా? మొదటి ఆకుకే పసిగట్టిన. వంకర బోయిన కాడ కత్తెర తడబడలే, కావాల్ననే తిప్పింది. మా కాలంల బీడీలు లేవు, కండెలు చుట్టిపిచ్చెటోళ్ళు. నేనుగూడ పోగులు తెంపిన. మా ఆడిబిడ్డ పట్టుకున్నది, నీ లెక్కనే నవ్వింది." ఎల్లమ్మ తన చేతులు చూసుకుంది. "ఇష్టం లేని చెయ్యి ఇంట్ల ఎట్ల తిరుగుతదో నాకెరుకే. ఈ చేతులనే గదా ఇన్నేండ్లు జూస్తున్న. గందుకే మాట్లాడకుంట లేశొద్దామనుకున్న. గంతల నువ్వు ఒర్లితివి."

ఒక రిక్షా గంట కొట్టుకుంటూ వాళ్ళను తప్పుకుని పోయింది.

"నీ చూపులప్పుడు గూడ కండ్లు పెట్టుకోని చూసిన," అంది ఎల్లమ్మ. "ఒక్క ఆకు. ఒక్క ఆకు చెడగొట్టినా లేశొస్తుంటి. నువ్వు చెడగొట్టలే."

చంద్రభాగ చౌక్ నడిమధ్యే నిలబడిపోయింది. ముఖం దాచుకుందామంటే రెండు చేతుల్లోనూ చాట ఉంది.

ఎల్లమ్మ వచ్చి చాటకు ఒక పక్క పట్టుకుంది. "నడువు," అంది. "ఆకు ఎండిపోతది."